ఓడల లెక్కలో లంక ముందు నిలిచింది.. ఆ ఓడల్లో సరుకు చాలావరకు మనదే

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన వనామి రొయ్య ప్రాసెసింగ్ ప్లాంటులో శుభ్రమై, గడ్డకట్టి, మైనస్ 18 డిగ్రీల చలిలో ఉండే 40 అడుగుల రీఫర్ కంటైనర్‌లోకి ఎక్కుతుంది. లారీ మీద విశాఖపట్నం రేవుకు చేరుతుంది. కాగితాల మీద దాని గమ్యం అమెరికానో, ఐరోపానో. కానీ విశాఖలో అది ఎక్కే ఓడ చాలాసార్లు అక్కడిదాకా వెళ్లదు. కొలంబోలోనో, సింగపూర్‌లోనో దాన్ని దింపేసి వెనక్కి వచ్చేస్తుంది. అక్కడి యార్డులో కరెంటు ప్లగ్గు తగిలించుకుని, ఆ పెట్టె తనను తీసుకెళ్లే పెద్ద ఓడ కోసం ఎదురుచూస్తుంది. అనుకున్న ఓడ తప్పిపోతే తర్వాతి ఓడ వచ్చేదాకా ఆగాల్సిందే.

సుమారు 2.2 కోట్ల జనాభా ఉన్న శ్రీలంక రేవులో 140 కోట్ల జనాభా ఉన్న దేశపు సరుకు ఓడ మారాల్సి రావడం ఏమిటన్నది పాత ప్రశ్నే. కేరళలోని విళింజంలో కొత్త రేవు మొదలయ్యాక అది మళ్లీ చర్చకు వచ్చింది. కొలంబోకు మన జవాబు దొరికిందని కొందరు, శ్రీలంక దుకాణం మూసుకోవాల్సిందేనని మరికొందరు అంటున్నారు. రెండు దేశాలూ ప్రపంచ ఓడల మార్గాలతో ఎంత బలంగా ముడిపడి ఉన్నాయో కొలిచే సూచీ ఒకటుంది. అది చెప్పే కథ మాత్రం ఇంత సూటిగా లేదు.

బస్టాండు లెక్క

ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ అంక్టాడ్ 2004 నుంచి లైనర్ షిప్పింగ్ కనెక్టివిటీ సూచీని ప్రకటిస్తోంది. లైనర్ అంటే ఫలానా రోజున ఫలానా రేవుకు వస్తానని ముందే టైమ్‌టేబుల్ ఇచ్చి నడిచే ఓడ. బొగ్గు, ముడిచమురు తెచ్చే ఓడలు అద్దె కార్ల లాంటివి. ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్తాయి. కంటైనర్ ఓడలు ఆర్టీసీ బస్సుల్లా రూటు ప్రకారం తిరుగుతాయి. అందుకే ఈ సూచీని అర్థం చేసుకోవడానికి బస్టాండును మించిన ఉదాహరణ లేదు.

ఒక ఊరికి వారానికి ఎన్ని బస్సులు వస్తాయి? వాటిలో మొత్తం సీట్లెన్ని? ఎన్ని రూట్లు ఆ ఊరి మీదుగా వెళ్తాయి? ఎన్ని కంపెనీలు నడుపుతున్నాయి? అన్నింటికన్నా పెద్ద బస్సులు తిరిగే రూటులో బస్సు సైజు ఎంత? బస్సు మారకుండా ఎన్ని ఊళ్లకు వెళ్లొచ్చు? బస్సుకు బదులు ఓడ, సీటుకు బదులు టీఈయూ అనుకుంటే సూచీలోని ఆరు అంశాలూ ఇవే. టీఈయూ అంటే 20 అడుగుల పెట్టె ఒకటి పట్టే చోటు. 40 అడుగుల పెట్టె రెండు టీఈయూలతో సమానం. ఈ ఆరింటినీ ఒకే కొలమానంలోకి తెచ్చి, సగటు తీసి దేశానికో అంకె ఇస్తారు. ఆ జాబితాలో చైనాది ఎప్పుడూ మొదటి స్థానమే. దక్షిణ కొరియా, సింగపూర్, మలేసియా లాంటివి ఆ వెనక ఉంటాయి.

ఇందులో లేనిదేమిటో కూడా చూడాలి. ఓడ కిరాయి ఎంతన్నది ఇందులో లేదు. రేవు గేటు దగ్గర లారీ ఎన్ని గంటలు నిలబడిందన్నదీ లేదు. కస్టమ్స్ జాప్యం లేదు, రైలు మార్గం లేదు. అన్నింటికన్నా ముఖ్యంగా, ఓడలో ఉన్న సరుకు ఎవరిదన్నది లేదు. కాజీపేటలో ఆగే రైళ్లను లెక్కపెట్టి కాజీపేట జనాభా ఎంతో చెప్పలేం కదా. అది జంక్షన్. అక్కడ దిగేవాళ్లలో చాలామంది ఇంకో రైలు ఎక్కడానికే దిగుతారు. కొలంబో కూడా అలాంటి జంక్షనే. అక్కడ దించే ప్రతి ఐదు పెట్టెల్లో సుమారు నాలుగు మరో ఓడ ఎక్కి వెళ్లిపోయేవే.

2013లో ఏం జరిగింది

2013 నాటి సూచీలో భారత్, శ్రీలంక దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. భారత్‌కు 44 పైన, శ్రీలంకకు 43. మరుసటి ఏడాదికి శ్రీలంక 53కు దూకింది. భారత్ 45 దగ్గరే ఉండిపోయింది. (తర్వాత లెక్కించే పద్ధతిని సవరించారు. కాబట్టి ఈ అంకెలను ఇప్పటి అంకెల పక్కన పెట్టి పోల్చకూడదు.) ఒక్క ఏడాదిలో పది పాయింట్లు పెరగడం ఈ సూచీలో తరచుగా కనిపించేది కాదు.

ఆ దూకుడుకు కారణం కొలంబో దక్షిణ హార్బర్. ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణంతో సముద్రంలోకి పొడవాటి అలల అడ్డుగోడ కట్టి, దాని లోపల కొత్త టెర్మినళ్లకు చోటు చేశారు. అందులో మొదటిది 2013లో పని మొదలుపెట్టింది. చైనా మర్చంట్స్ సంస్థకు 85 శాతం, శ్రీలంక పోర్ట్స్ అథారిటీకి 15 శాతం వాటాలున్న టెర్మినల్ అది. దాని బెర్తుల దగ్గర లోతు 18 మీటర్లు. నిండుగా లోడైన అతి పెద్ద కంటైనర్ ఓడకు 16 మీటర్లకు పైగా నీళ్లు కావాలి. అప్పటికి భారత రేవుల్లో చాలావాటికి ఆ లోతు లేదు.

లోతు ఒక్కటే అయితే తవ్వి తెచ్చుకోవచ్చు. చోటును తవ్వి తెచ్చుకోలేం. సూయజ్ కాలువ నుంచి మలక్కా జలసంధి వైపు సాగే ప్రధాన నౌకామార్గం శ్రీలంక దక్షిణ కొసను ఆనుకునే వెళ్తుంది. ఆ దారిన పోయే ఓడ కొలంబోలో ఆగడానికి కొన్ని గంటలు పక్కకు తిరిగితే చాలు. చెన్నైకి రావాలంటే రోజుల్లో లెక్క. పైగా రామేశ్వరం, తలైమన్నార్‌ల మధ్య సముద్రం ఎంత లోతు తక్కువంటే, విశాఖ నుంచి కొచ్చికి వెళ్లే మన ఓడ కూడా లంకను చుట్టే వెళ్లాలి. 2005లో ప్రారంభమైన సేతుసముద్రం కాలువ పూర్తయి ఉంటే ఈ పరిస్థితి మారేదని వాదించేవాళ్లున్నారు. కానీ ఆ కాలువకు అనుకున్న లోతులో ఈనాటి పెద్ద కంటైనర్ ఓడ ఎలాగూ పట్టదు. మతం, పర్యావరణం చుట్టూ జరిగిన ఆ గొడవలో ఈ సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు.

కొలంబోకు పోటీగా భారత్ అప్పటికే ఒక ప్రయత్నం చేసింది. 2011 ఫిబ్రవరిలో కొచ్చి దగ్గర వల్లార్‌పాడంలో ట్రాన్స్‌షిప్‌మెంట్ కోసమంటూ ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైంది. విదేశీ జెండా ఉన్న ఓడలు భారత రేవుల మధ్య సరుకు మోయకూడదనే కాబోటాజ్ నిబంధనను దాని కోసం 2012లో సడలించారు. అయినా లైన్లు కొలంబోను వదల్లేదు. అక్కడి ఓడల దారి లోతు 14.5 మీటర్లే. ఆ మాత్రం లోతు నిలబెట్టుకోవడానికీ బురద తోడుతూ ఉండాల్సిందే. ఇంకా పెద్ద కారణం వేరే ఉంది. సంతకు జనం వస్తేనే సరుకు వస్తుంది, సరుకు వస్తేనే జనం వస్తారు. కొలంబోలో ఒక పెట్టె దించితే దాన్ని ఎక్కించుకోవడానికి పది దిక్కులకు వెళ్లే ఓడలు సిద్ధంగా ఉంటాయి. కొత్త రేవు ఎంత చవకగా ఇస్తానన్నా ఆ పది ఓడలను ఒకేసారి తెచ్చిపెట్టలేదు. కాబోటాజ్ నిబంధనను 2018లో దేశవ్యాప్తంగా సడలించారు. ఆ తర్వాత కూడా, ఆ దశాబ్దం ముగిసేదాకా, సూచీలో లంకదే పైచేయి.

వంద రూపాయలకు 5 పైసలు

భారత్‌కు వచ్చేపోయే ట్రాన్స్‌షిప్‌మెంట్ సరుకులో దాదాపు 75 శాతం విదేశీ రేవుల్లోనే ఓడ మారుతోందని కేంద్ర నౌకాయాన మంత్రిత్వశాఖ 2023 జనవరిలో తెలిపింది. అందులో 85 శాతానికి పైగా కొలంబో, సింగపూర్, మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌లకే పోతోంది. ఒక్క కొలంబో వాటా 45 శాతానికి పైనే. దీన్ని స్వదేశానికి మళ్లిస్తే భారత రేవులకు ఏటా 20 కోట్ల నుంచి 22 కోట్ల డాలర్లు మిగులుతాయని మంత్రిత్వశాఖ అంచనా.

వినడానికి పెద్ద అంకెలా ఉంది. 2023-24లో భారత వస్తు ఎగుమతుల విలువ సుమారు 43,700 కోట్ల డాలర్లు. ఆ లెక్కన వంద రూపాయల సరుకుకు 5 పైసలు. దేశ ఆర్థిక వ్యవస్థను కుదిపేసే నష్టమేమీ కాదిది. వేల కోట్ల రూపాయల రేవుల నిర్మాణానికి ఇదొక్కటే కారణంగా చూపిస్తే వాదన తేలిపోతుంది.

అసలు నష్టం సమయం మీద అదుపు లేకపోవడం. 2023 చివర్లో ఎర్రసముద్రంలో హూతీల దాడులు మొదలై, ఓడలు ఆఫ్రికా చివర గుడ్‌హోప్ అగ్రం చుట్టూ తిరగడం మొదలయ్యాక ఇది బాగా తెలిసివచ్చింది. సూయజ్ దారి తప్పించుకున్న ఓడలు మధ్యలో ఆగే రేవులు తగ్గించుకుని కొలంబోలోనే ఎక్కువ పెట్టెలు దించేశాయి. యార్డులు నిండిపోయాయి. 2024లో కొలంబో మొత్తం మీద సుమారు 78 లక్షల టీఈయూలు నిర్వహించింది. అంతకు ముందటి ఏడాది అది 70 లక్షలకు కాస్త తక్కువ. శ్రీలంకకు ఆ ఏడాది కలిసొచ్చింది. తూర్పు తీరంలో ఫీడర్ ఓడ ఎక్కించిన ఎగుమతిదారుకు మాత్రం తన పెట్టె ఏ వారం కదులుతుందో తెలియని పరిస్థితి. గార్మెంట్లు నెల ఆలస్యమైతే సీజన్ పోతుంది. రొయ్యలు పాడవవు గానీ, వాటి మీద తెచ్చిన అప్పుకు వడ్డీ ఆగదు.

లంకకు దక్కిందేమిటి

ఇంత మంచి అనుసంధానం ఉన్న దేశం సుఖంగా ఉండాలి. 2021 చివర, 2022 మొదట్లో కొలంబో రేవులో కనిపించిన దృశ్యం ఇందుకు పూర్తిగా విరుద్ధం. బియ్యం, పప్పు, పంచదార, పాలపొడి లాంటి సరుకులున్న వెయ్యికి పైగా కంటైనర్లు ఆ రేవులోనే పడి ఉన్నాయి. విడిపించుకోవడానికి దిగుమతిదారుల దగ్గర డాలర్లు లేవు. పక్క బెర్తుల్లో క్రేన్లు మాత్రం ఆగలేదు. భారత్, బంగ్లాదేశ్ పెట్టెలు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించి, పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు నిలబడిన ఏడాదిలో కూడా కొలంబో కంటైనర్ల సంఖ్య అంతకు ముందటి 72.5 లక్షల టీఈయూల నుంచి 68.6 లక్షలకే తగ్గింది. అంటే దాదాపు 5 శాతం తగ్గుదల. దేశం కూలిపోతుంటే రేవు మాత్రం నడిచింది.

దీన్ని రేవు సత్తాగా చూడొచ్చు. రేవుకూ దేశానికీ మధ్య ఉన్న దూరంగానూ చూడొచ్చు. రెండోదే నిజానికి దగ్గర. ట్రాన్స్‌షిప్‌మెంట్ పెట్టె నేల మీద దిగి, కొన్ని రోజులుండి, వెళ్లిపోతుంది. లారీ ఎక్కదు, గోదాములోకి వెళ్లదు, ఫ్యాక్టరీ గేటు దాటదు. దాని మీద వచ్చేది ఎక్కించి దించిన ఛార్జీ. అందులోనూ కొత్త టెర్మినళ్లలో పోర్ట్స్ అథారిటీ వాటా 15 శాతమే. అలాగని శ్రీలంకకు ఏమీ దక్కలేదనడం అన్యాయం. అక్కడి గార్మెంట్, తేయాకు ఎగుమతిదారులకు సొంత సరుకు తక్కువైనా ఐరోపాకూ, అమెరికాకూ పెద్ద ఓడలు ఇంటి ముందే దొరుకుతున్నాయి. పక్కదేశపు సరుకు రప్పించిన బస్సులో వాళ్లకూ సీటుంది. విశాఖలో ఉన్న ఎగుమతిదారుకు లేని సౌకర్యం అది.

కానీ పక్కవాడి సరుకు మీద కట్టుకున్న స్థానం పక్కవాడి నిర్ణయాలకు లోబడి ఉంటుంది. అది కొలంబోకు తెలుసు. ఈస్ట్ కంటైనర్ టెర్మినల్‌ను భారత్, జపాన్‌లతో కలిసి అభివృద్ధి చేయాలని 2019లో ఒప్పందం కుదిరింది. రేవు కార్మిక సంఘాలు గట్టిగా వ్యతిరేకించడంతో 2021 ఫిబ్రవరిలో శ్రీలంక దాన్ని పక్కన పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో పక్కనే వెస్ట్ టెర్మినల్‌ను అదానీ సంస్థకు 51 శాతం, స్థానిక జాన్ కీల్స్‌కు 34 శాతం, పోర్ట్స్ అథారిటీకి 15 శాతం వాటాలతో అప్పగించింది. 20 మీటర్ల లోతు, 1,400 మీటర్ల బెర్తు, ఏడాదికి 32 లక్షల టీఈయూల సామర్థ్యం. 2025 ఏప్రిల్‌లో అది పని మొదలుపెట్టింది. భారత సరుకు కోసం భారత కంపెనీనే లోపలికి తెచ్చుకోవడమంటే సరుకు చేజారకుండా బీమా చేసుకోవడమే. ఇక్కడో తమాషా ఉంది. కొలంబోకు పోటీ అంటున్న విళింజాన్ని నడుపుతున్నదీ ఆ సంస్థే. రెండు రేవుల మధ్య పోటీని రెండు దేశాల పోటీగా చెప్పుకోవడం పత్రికలకు బాగుంటుంది. వ్యాపారం ఆ సరిహద్దుల్ని అంతగా పట్టించుకోదు.

ర్యాంకు పెరిగింది, ఓడ ఆగిపోయింది

ఇక భారత్ వైపు. ఇక్కడ అంకె ఒకటే, తీరాలు రెండు. 2023-24లో ముంద్రా 74 లక్షల టీఈయూలు, ముంబయి పక్కన జేఎన్‌పీఏ 64 లక్షల టీఈయూలు నిర్వహించాయి. దేశానికి వచ్చే ప్రధాన సర్వీసుల్లో అధికభాగం ఈ రెండింటి చుట్టే తిరుగుతాయి. 19,200 టీఈయూల ఎంఎస్‌సీ అన్నా 2024 మేలో ముంద్రాకు వచ్చింది. 24 వేల టీఈయూలు దాటిన ఎంఎస్‌సీ ఇరీనా 2025 జూన్‌లో విళింజానికి వచ్చింది. అలాంటి ఓడలు వరసగా తిరిగే సర్వీసు ఒక్కటి కుదిరినా దేశం సూచీ పెరుగుతుంది. దాని వల్ల కాకినాడ ఎగుమతిదారుకు ఒరిగేదేమిటో ఆ అంకెలో కనిపించదు.

తూర్పు తీరంలో ఏం జరిగిందో చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. ప్రపంచ బ్యాంకు మరో సూచీ ప్రకటిస్తుంది. రేవులో ఓడ ఎంతసేపు ఉండాల్సి వస్తోందన్నది దాని లెక్క. 2023 సంవత్సరపు జాబితాలో తొలి వంద రేవుల్లో 9 భారత్‌వే. అంతకు ముందటి ఏడాది 115వ స్థానంలో ఉన్న విశాఖ 19కి ఎగబాకింది. ముంద్రా 27వ స్థానంలో ఉంది. నెల్లూరు జిల్లాలోని కృష్ణపట్నానికి 71వ స్థానం దక్కింది. చెన్నైకన్నా, జేఎన్‌పీఏకన్నా మెరుగైన స్థానమది.

ఆ జాబితా వెలువడింది 2024 జూన్‌లో. అప్పటికి కొన్ని నెలల ముందే, 2024 ఆరంభంలో, కృష్ణపట్నానికి కంటైనర్ ఓడలు రావడం ఆగిపోయింది. రేవును బొగ్గు లాంటి సరుకులకే పరిమితం చేస్తున్నారంటూ స్థానికంగా ఆందోళనలు జరిగాయి, రాజకీయంగా దుమారం రేగింది. కంటైనర్ల పని మీద బతికే కూలీలు, లారీ యజమానులు, కస్టమ్స్ ఏజెంట్లు ఉపాధి పోయిందన్నారు. నెల్లూరు రొయ్యలు, గుంటూరు మిర్చి పంపేవాళ్లు చెన్నై వైపు లారీలు తిప్పుకోవాల్సి వచ్చింది. కృష్ణపట్నం రేవుకు లోతు ఉంది, క్రేన్లున్నాయి, ప్రపంచ బ్యాంకు ర్యాంకుంది. అప్పుడు లేనిది ఓడ. కాబట్టి రేవు బాగా పనిచేయడం ఒకటి, అనుసంధానం మరొకటి. ఒక రేవుకు ఓడలు ఆగిపోయినా, అదే సమయంలో పడమటి తీరానికి పెద్ద ఓడలు వస్తే దేశం అంకె కిందికి రాదు. సగటు అంటేనే అంత.

కొందరు దీన్ని పూర్తిగా కంపెనీ కుట్రగా చూశారు, కొందరు మార్కెట్ మహిమ అన్నారు. షిప్పింగ్ లైన్ కోణంలో చూస్తే లెక్క మొరటుగా ఉంటుంది. చెన్నై, ఎన్నూరు, కాట్టుపల్లి, కృష్ణపట్నం అన్నీ రెండు వందల కిలోమీటర్ల లోపే ఉన్నాయి. నాలుగు చోట్ల ఆగి వందేసి పెట్టెలు ఎక్కించుకోవడంకన్నా ఒకచోట ఆగి నాలుగు వందలు ఎక్కించుకోవడం చవక. మధ్యలో లారీ ఖర్చు లైన్ పెట్టుకోదు, ఎగుమతిదారు పెట్టుకుంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటల్లో కొత్త రేవులు కడుతున్నారు. బొగ్గుకో, ఎరువులకో వాటి అవసరం ఉండొచ్చు. కంటైనర్ల విషయంలో మాత్రం ఉన్న సరుకును మరిన్ని ముక్కలు చేస్తే పెద్ద ఓడ ఇంకా దూరం జరుగుతుంది.

విళింజం ఎవరికి దగ్గర?

విళింజంలో తవ్వకుండానే 18 నుంచి 20 మీటర్ల లోతుంది. ప్రధాన నౌకామార్గానికి దూరం సుమారు 10 నాటికల్ మైళ్లు. వల్లార్‌పాడానికి లేని రెండు గుణాలూ దీనికి ఉన్నాయి. 2024 జులైలో మొదటి పెద్ద ఓడ శాన్ ఫెర్నాండో వచ్చింది, డిసెంబరులో వాణిజ్య కార్యకలాపాలు మొదలయ్యాయి, 2025 మే 2న ప్రధాని మోదీ దాన్ని జాతికి అంకితం చేశారు. రద్దీ ఊహించినదానికన్నా వేగంగా పెరిగింది.

అయితే అక్కడికి వచ్చే ఓడల పేర్ల ముందు చాలావరకు మూడు అక్షరాలే ఉంటాయి: ఎంఎస్‌సీ. ప్రపంచంలో అతిపెద్ద కంటైనర్ లైన్ ఆసరా దొరకడం కొత్త రేవుకు అదృష్టమే. కానీ సూచీలో కంపెనీల సంఖ్యను విడిగా లెక్కపెట్టడానికి కారణం ఉంది. ఒకే లైన్ మీద నిలబడ్డ రేవు, ఆ లైన్ తన రూటు మార్చుకున్న రోజున ఖాళీ అవుతుంది. కిరాయి విషయంలో బేరమాడే అవకాశమూ తక్కువే. కొలంబోకు ఉన్న అసలు బలం లోతుకన్నా, అక్కడ ఒకదానితో ఒకటి పోటీపడే లైన్ల సంఖ్యలోనే ఉంది. ఇంకో లోటు రైలు మార్గం. బలరామపురం వరకు సుమారు 10.7 కిలోమీటర్ల మార్గం ప్రణాళికలో ఉంది. అది వచ్చేదాకా విళింజం కూడా కొలంబోలాగే సముద్రం నుంచి సముద్రానికి సరుకు మార్చే చోటే. కేరళ ఫ్యాక్టరీలకు దాని ఉపయోగం పరిమితం.

తెలుగు రాష్ట్రాలకైతే పటం తెరిచి చూడాల్సిన విషయం ఇంకొకటుంది. విశాఖ నుంచి విళింజానికి వెళ్లే ఫీడర్ లంకను చుట్టాలి. అంటే కొలంబో దగ్గరదాకా వెళ్లి, అక్కడ ఆగకుండా, ఇంకొంత దూరం పోవాలి. తూర్పు తీరం పెట్టెకు విళింజం కొలంబోకన్నా దూరపు మజిలీ. స్వదేశీ రేవన్న తృప్తి తప్ప ప్రయాణంలో ఒక మార్పిడి తగ్గదు, ఒక రోజు కలిసిరాదు. రెండు హబ్‌ల మధ్య పోటీ వల్ల ఛార్జీలు దిగొస్తే అది లాభమే, అంతవరకే. హైదరాబాద్ సనత్‌నగర్ ఇన్‌లాండ్ డిపో నుంచి మందులో, యంత్రాలో పంపే కంపెనీకి లెక్క వేరు. రైలు మీద ముంబయి పక్కకు పంపితే నేరుగా ఐరోపా వెళ్లే ఓడ దొరుకుతుంది. నేల మీద దూరం ఎక్కువైనా సముద్రంలో మార్పిడి ఉండదు. తెలంగాణ సరుకు తూర్పు తీరాన్ని వదిలి పడమటికి పోవడానికి ఇదో కారణం. అలా పోయిన కొద్దీ విశాఖలో నేరుగా ఆగే పెద్ద ఓడకు కావాల్సిన సరుకు తగ్గుతుంది.

తూర్పు వైపు కోసమంటూ కేంద్రం చూపిస్తున్నది గ్రేట్ నికోబార్‌లోని గలాథియా బే. అంచనా వ్యయం సుమారు 41 వేల కోట్ల రూపాయలు. మలక్కా దారికి దగ్గరన్నది దాని అర్హత. కానీ ఆ దీవిలో ఎగుమతి చేసేందుకు సరుకు లేదు. వచ్చిన ప్రతి పెట్టె ఇంకో చోటి నుంచి రావాల్సిందే. లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాన్నీ, షాంపెన్ తెగ బతికే అడవినీ పణంగా పెట్టి, కొలంబోకు ఏళ్లు పట్టిన సంతను అక్కడ కొత్తగా మొదలుపెట్టాలి. వల్లార్‌పాడం అనుభవం చూసిన తర్వాత ఆ లెక్కను ఇంకొంచెం అనుమానంగా చూడటమే న్యాయం. మహారాష్ట్రలో 76,220 కోట్ల రూపాయలతో తలపెట్టిన వధావన్ రేవు కథ ఇందుకు భిన్నం. దాని వెనక ఉత్తర, పశ్చిమ భారతాల సొంత సరుకుంది. అది పూర్తయితే సూచీలో భారత్ ఇంకా పైకి వెళ్తుంది, బరువు ఇంకాస్త పడమటికి వాలుతుంది.

అంక్టాడ్ మూడు నెలలకోసారి దేశాల అంకెలతో పాటు రేవులవారీ అంకెలూ విడుదల చేస్తుంది. ఏ రెండు దేశాల మధ్య పెట్టె ఎన్నిసార్లు ఓడ మారాలో, ఆ దారిలో ఎన్ని లైన్లు పోటీపడుతున్నాయో చెప్పే జంట సూచీ కూడా ఉంది. భారత్ శ్రీలంకను దాటిందా లేదా అన్నది మొదటి పట్టికలో కనిపిస్తుంది. విశాఖ నుంచి సరుకు పంపేవాళ్లు చూడాల్సింది రెండోదానిలో తమ రేవు వరసను. అమెరికా సుంకాల దెబ్బతో ఐరోపా, జపాన్, కొరియా మార్కెట్లు వెతుక్కుంటున్న రొయ్యల ఎగుమతిదారులకు మూడోది పనికొస్తుంది.